పెయ్య బండెక్కని రోజు

వరసగా రెండో ఏడు కూడా వాన రాకపోయేసరికి మా కొట్టంలో ఒక్క పెయ్య మిగిలింది. ఎద్దుల జతను ముందటి ఎండాకాలమే అమ్మేశాం. ఆవు అంతకు ముందే పోయింది. ఒంటినిండా గడ్డలు లేచే జబ్బు ఊరి పశువులన్నింటినీ పట్టుకున్న ఏడాది అది. మా ఆవు మేత మానేసి, ముక్కు కారుతూ, పడుకున్న చోటనే కళ్ళు తేలేసింది. అప్పటికి పెయ్య ఇంకా పాలు మరవని దూడ. మా మామ దానికి సీసాతో పాలు పట్టి బతికించాడు.

మాది ఆలూరు దగ్గర వాన మీదే బతికే పల్లె. నా భర్త బెంగళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పని చేసేవాడు, పండగలకు వచ్చి పోయేవాడు. పాప ఆదోనిలో హాస్టల్లో ఉండి చదువుకునేది. అత్త పోయి కొన్నేళ్ళయింది. ఇంట్లో మిగిలింది నేను, మామ. ఒకే ఇంట్లో ఉన్నా మా మధ్య మాటలు చాలా తక్కువ. నేను పళ్ళెం అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేదాన్ని. ఆయన తిని, పళ్ళెం కడిగి బోర్లించి చేనుకు పోయేవాడు. కూర బాగుందనీ బాగాలేదనీ ఎన్నడూ అనలేదు. ఆదివారం ఏసయ్య గుడిలో మాత్రం ముందు వరసలో కూర్చుని, అందరికంటే పెద్ద గొంతుతో పాటలు పాడేవాడు. ఆ గొంతు ఇంట్లో ఎక్కడ దాచుకుంటాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంకొకచోట కూడా ఆయనకు గొంతు లేచేది, కొట్టంలో. తెల్లవారి నేను పొయ్యి అంటిస్తుంటే అటువైపు నుంచి మాటలు వినిపించేవి. "ఏమ్మే, ఎట్లుండావు? దోమలు కుట్టినాయా? ఇంత పేడేస్తే ఎవురెత్తుతారనుకుంటాండావు?" నాతో ఏడాదికి మాట్లాడే మాటలు దానితో ఒక్క పొద్దున మాట్లాడేవాడు. మొదట్లో నాకది కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

పెయ్య ఎర్రది. నుదుట తెల్లటి మచ్చ. కుదురుగా ఉండదు. మామ తప్ప ఎవరు దగ్గరికి పోయినా తల ఆడించేది. పశువుల డాక్టరు వచ్చి చూసి, చూలు నిలిచిందని చెప్పిన రోజు మామ అంగడికి పోయి బెల్లం తెచ్చాడు. నా చేతికిచ్చి, "ఏమన్నా తీపి చెయ్యమ్మా" అన్నాడు. తలుపు దగ్గరే నిలబడి ఇంకో మాట కూడా అన్నాడు. "ఇంట్లో మళ్ళీ పాలుంటాయి."

ఆ మాట అన్నాక వాన రాలేదు. వేరుశనగ పూతలోనే ఎండిపోయింది. కాయ లేకపోతే లేకపోయె, పశువుకు వేసే కట్టె అయినా వస్తుందనుకుంటే అదీ రాలేదు. జొన్నచొప్ప వామి రోజురోజుకూ కరిగి, కింద పరిచిన రాళ్ళు బయటపడ్డాయి. నీళ్ళ ట్యాంకరు వస్తే ఊరంతా బిందెలతో పరుగెత్తేది. మామ స్నానం మానేసి ఆ నీళ్ళు పెయ్యకు పోసేవాడు. తర్వాత కొట్టం మీద ఎప్పుడో కప్పిన పాత బోద పీకి దాని ముందు వేశాడు. నల్లగా మసిపట్టిన గడ్డి. అది వాసన చూసి మొహం తిప్పుకుని, గోడ రాళ్ళను నాకడం మొదలుపెట్టింది.

మా అక్క ఓర్వకల్లు దగ్గర పల్లెలో ఉంటుంది. బావకు బోరు ఉంది, దాని కింద కొంచెం పచ్చగడ్డి పెంచుతాడు. విషయం చెబితే అక్క వెంటనే అంది, "దాన్ని ఈడికి పంపియ్యి. ఈనిందాకా మేం చూసుకుంటాం. ఈనినంక ఆవునూ దూడనూ తోలుకపోండి."

మామకు చెప్పాను. విన్నాడు. అవుననలేదు, కాదనలేదు. చాలా రోజులు అలాగే గడిచాయి. ఒక పొద్దున ఆయన కొట్టంలోంచి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో పొడుగాటి ప్లాస్టిక్ పీలిక వేలాడుతోంది. ఎరువు సంచి ముక్క. జొల్లుతో తడిసి ఉంది.

"దీన్ని నములుతాండాదమ్మా. నోట్లో చెయ్యి పెట్టి లాగినా" అన్నాడు. కొంచెం సేపు దాన్నే చూసి, "మీ అక్కకు చెప్పు. బండి నేను మాట్లాడతా" అన్నాడు.

మామ మాట్లాడిన బండి చిన్న ట్రాలీ. నడిపేది ఆలూరు సాయిబు ఒకాయన, నడివయసు మనిషి. గొర్రెల్ని, మేకల్ని, సంతకు పోయే ఎద్దుల్ని ఎక్కించిన అనుభవం ఉంది. మా పెయ్య పుట్టి బుద్ధెరిగి ఇంటికీ చేనుకూ మధ్య తప్ప ఎక్కడికీ పోలేదు. పాత కల్లం పక్కన ఒక మట్టి గట్టు ఉంటుంది. ఆయన బండిని వెనక్కి తెచ్చి, డోరు దించి, ఆ గట్టుకు ఆనించాడు. గట్టూ బండి అడుగూ ఇంచుమించు సమానంగా వచ్చాయి, మధ్యలో జానెడు సందు మిగిలింది. ఇనుప రేకు మీద పెయ్య కాళ్ళు జారకుండా ఇసుక చల్లి, పైన చొప్ప పరిచాడు. ఆ చొప్ప ఆయనే తెచ్చుకున్నాడు. మా దగ్గర పరిచేంత లేదు.

సాయానికి ఎదురింటి మరిది వచ్చాడు. ట్రాక్టరు నడిపే మనిషి, చేతుల్లో బలమున్నవాడు. మామ పెయ్యను పట్టుకొచ్చాడు. గట్టు ఎక్కేదాకా బాగానే వచ్చింది. బండి దగ్గరికి రాగానే నాలుగు కాళ్ళూ భూమిలో పాతేసినట్టు నిలబడిపోయింది.

మామ పక్క ఊరి బోరు దగ్గర అడిగి తెచ్చిన గుప్పెడు పచ్చగడ్డి చూపించాడు. పెయ్య మెడ సాచింది, గడ్డి అందుకుంది, మెడ వెనక్కి లాక్కుని నమిలింది. కాళ్ళు మాత్రం కదపలేదు. దాని కళ్ళు ఆ సందు మీదే ఉన్నాయి. కింద చీకటిగా కనబడుతున్న ఆ జానెడు సందు దానికి బావిలాగా అనిపించిందేమో.

మరిది వెనక్కి పోయి తోక పట్టుకుని మెలిపెట్టబోయాడు.

"తోక ముట్టొద్దురా!" అని మామ అరిచాడు. "చూలు మీదుండాది. ముట్టొద్దు!"

"మరెట్లెక్కుతాది పెదనాయనా? బతిమాలితే ఎక్కుతాదా?"

"ఎక్కుతాది. రవ్వంత సేపు ఇడిసిపెట్టు దాన్ని."

డ్రైవరు సందు మీద గోనెసంచులు మడిచి వేశాడు. పెయ్య ఒక కాలు సంచి మీద పెట్టింది. సంచి కుంగింది. కాలు లాక్కుంది. మామ తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి దాని కళ్ళకు కట్టాడు. గట్టు మీద రెండు మూడు చుట్లు తిప్పి, దిక్కు తెలియకుండా చేసి మళ్ళీ తెచ్చారు. మరిదీ డ్రైవరూ దాని వెనక ఒకరి చేతులు ఒకరు పట్టుకుని తొడల కింద ఆనించి నెట్టారు. ముందు కాళ్ళు రెండూ బండిలో పడ్డాయి. రేకు దభేలుమంది. ఆ చప్పుడుకు పెయ్య బెదిరి వెనక్కి ఎగిరింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. తువ్వాలు ఊడిపోయింది. అది రొప్పుతూ, ముక్కుపుటాలు పెద్దవి చేసి, మామను చూస్తూ నిలబడింది.

అప్పటికి ఎండ బాగా ఎక్కింది. డ్రైవరు అంగీ విప్పి మొహం తుడుచుకున్నాడు. "పెద్దాయనా, ఎండ జాస్తవుతాండాది. రేకు కాలితే అసలెక్కదు. జల్దీ కావల్ల" అన్నాడు.

మామ చెమటతో తడిసిపోయి ఉన్నాడు. కాసేపు పెయ్య మెడ నిమిరాడు. తర్వాత తనే బండిలోకి ఎక్కి, లోపల నిలబడి తాడు పట్టుకున్నాడు. "నేను లోపలుంటే వస్తాది. మీరు ఎనకాల ఊరికె నిలబడుకోండి, అంతే" అన్నాడు. అరచేతుల్లో తాడు జారుతుంటే మణికట్టుకు చుట్టుకున్నాడు.

"చేతికి చుట్టుకోవద్దు పెద్దాయనా" అన్నాడు డ్రైవరు.

"దానికి నేను తెలుసులేప్పా."

"రా అమ్మే, రా" అని పిలిచాడు. కొట్టంలో పిలిచే గొంతే. పెయ్య చెవులు ఇటు తిప్పింది. ఒక అడుగు వేసింది. సంచి మీద కాలు మోపి, ఈసారి తీయలేదు. ముందు కాలు ఒకటి బండిలో పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద కంకర లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. పెయ్య ఒక్కసారిగా పక్కకు దూకింది. వెనక్కి కాదు, గట్టు దిగువకు. తాడుతో పాటు మామ బండిలోంచి ఎగిరి బయటపడ్డాడు. గట్టు కింద కల్లం చుట్టూ పేర్చిన రాళ్ళు ఉన్నాయి. వాటి మీద పడ్డాడు. పెయ్య ఇంకొంచెం దూరం ఈడ్చుకుపోయింది. తాడు ఆయన మణికట్టు చర్మాన్ని ఒలుచుకుని జారిపోయాక ఆగకుండా ఊళ్ళోకి పరుగెత్తింది.

ఆయన అరవలేదు. మేం దగ్గరికి పోయేసరికి మోచేతుల మీద లేవాలని చూస్తున్నాడు. కుడికాలు పాదం పూర్తిగా బయటికి తిరిగిపోయి ఉంది. ఆ కాలు ఎవరిదో అన్నట్టు దానివంక చూశాడు. మరిది చంకల కింద చేతులు వేసేసరికి మాత్రం, "లేపొద్దు... లేపొద్దప్పా... అట్లనే ఉండనీ" అన్నాడు. మొహం బూడిద రంగుకు తిరిగింది.

ఇంట్లోంచి దుప్పటి తెచ్చాను. దానిలో పెట్టి ముగ్గురం మోసి, అదే బండిలోకి ఎక్కించాం. పెయ్య కోసం పరిచిన చొప్ప మీదే పడుకోబెట్టాం. తల కింద పెట్టడానికి ఏమీ కనబడక నా ఒడిలో పెట్టుకున్నాను. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయన్ని నేను ముట్టుకున్నది అదే మొదటిసారి. వెంట్రుకలు పలచగా, మెత్తగా ఉన్నాయి. గొయ్యి వచ్చినప్పుడల్లా నా చీర కొంగును పిడికిట్లో బిగించేవాడు. డ్రైవరు ఆ బండిని ఎంత మెల్లగా నడిపాడంటే, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

ఆలూరులో ఫొటో తీసి తుంటి ఎముక విరిగిందన్నారు. అక్కడి నుంచి అంబులెన్సులో కర్నూలు పెద్దాసుపత్రికి. నా భర్త బెంగళూరు నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆపరేషన్ చేస్తే నడిచే అవకాశం ఉంది. కానీ ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయి, మత్తు తట్టుకుంటాడో లేదో చెప్పలేం. చెయ్యకపోతే మంచం మీదే ఉండాలి. ఆలోచించుకోండి అంది.

మామ ఆలోచించలేదు. "కోస్తే ఈడనే పోతా. నన్ను ఇంటికి తోలుకపోండి" అన్నాడు.

"నాయనా, చేయించుకో. మంచంలో పడి ఎన్నాళ్ళుంటావు?" అని నా భర్త ఏడ్చాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. మామ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చివరికి కాలుకు బరువు కట్టే పద్ధతి నేర్పించి పంపించారు.

నా భర్త కొన్నాళ్ళు ఇంట్లో ఉన్నాడు. మేస్త్రి రోజూ ఫోన్ చేసేవాడు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని నా మొహం చూడకుండా, "నేను పోకపోతే పని ఇంకొకరికిస్తారు" అన్నాడు.

"పో. మామను నేను చూసుకుంటా."

"అట్ల చూసుకోగలవా? మగమనిషి. అన్నీ మంచంలోనే గదా."

"ఇంకెవురుండారు?" అన్నాను.

నా భర్త బెంగళూరు పోయిన మర్నాటి నుంచి అసలు కష్టం మొదలైంది. పని కష్టం కాదు. మామ సిగ్గు. నేను దుప్పటి పైకెత్తితే ఆయన చేత్తో కళ్ళు మూసుకునేవాడు. నేను కూడా ఎక్కడో గోడవైపు చూస్తూ తుడిచేదాన్ని. అంత పెద్ద గొంతున్న మనిషి ఆ సమయంలో ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చేవాడు. కొన్నాళ్ళకు ఆయన పెదాలు పగిలిపోవడం, నాలుక తడారిపోవడం గమనించాను. చెంబులో పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉండేవి. అడిగితే తాగానని చెప్పేవాడు. ఒకరోజు తలుపు చాటున నిలబడి చూశాను. చెంబు ఎత్తి, పెదాలు తడుపుకుని, మిగతా నీళ్ళు మెల్లగా మంచం పక్కనున్న బక్కెట్లో పోస్తున్నాడు. అది నేను పెయ్యకు పట్టుకుపోయే బక్కెట్టు.

నాకు కోపం ఆగలేదు. లోపలికి పోయి చెంబు లాక్కున్నాను.

"నీళ్ళు ఎందుకు తాగవు మామా? చావాలనా?"

"తాగితే మళ్ళీ నిన్ను పిలవల్ల గదమ్మా" అన్నాడు.

చెంబులో మళ్ళీ నీళ్ళు నింపాను. తర్వాత మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆయన ముందు నేను కూర్చున్నదీ అప్పుడే. "నీ కొడుక్కు జ్వరమొచ్చినప్పుడు ఇవన్నీ నేనే చేసినా. మా నాయన పడిపోయినప్పుడు నేనే చేసినా. నువ్వొకడివే సిగ్గుపడితే ఎట్లా? తాగు" అన్నాను. చెంబు నోటి దగ్గర పెట్టాను. తాగాడు. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. ఆ రోజు నుంచి పిలవడం మొదలుపెట్టాడు, మొదట దగ్గి, తర్వాత "అమ్మా" అని.

మంచాన్ని గుమ్మం దగ్గరికి జరపమని అడిగాడు. అక్కడి నుంచి కొట్టం సగం కనబడుతుంది. మామ పడిన రోజు పెయ్య నేరుగా అక్కడికే వచ్చి, తనను కట్టేసే గూటం పక్కన నిలబడి ఉందని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. మళ్ళీ బండి ఎక్కించే మాట ఎవరూ ఎత్తలేదు. నేను గోనెసంచి పట్టుకుని కంపచెట్ల కింద రాలిన కాయలు ఏరుకొచ్చి వేసేదాన్ని. దొరికేవి కాసినే. దాని పక్కటెముకలు లెక్కపెట్టేలా బయటికి వచ్చాయి. పొట్ట మాత్రం కిందికి వేలాడుతూ ఉండేది. లోపలున్నది అడిగినంతా తల్లి ఒంట్లోంచే పీల్చుకుంటోంది. మామ గుమ్మంలోంచి చూసేవాడు. మునుపటిలా మాట్లాడేవాడు కాదు.

పాస్టరయ్య ప్రార్థనకు వచ్చేవాడు. ఒకసారి ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాక మామ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "అయ్యగారూ, పెయ్య కోసరం గూడా ఒక మాట చెప్పండి."

పాస్టరయ్య చిన్నవాడు, ఆ మాటకు తడబడ్డాడు. "దాని పేరేమి పెద్దాయనా?" అని అడిగాడు.

"పేరేం లేదయ్యా. పెయ్య అనే పిలుస్తాం."

పాస్టరయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని, "ఈ ఇంట్లో ఆకలితో ఉన్న పెయ్యను జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నాడు. మామ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

కొద్దిరోజులకు ఒక పొద్దున పెయ్య లేవలేకపోయింది. మరిదిని పిలిచాను. పొట్ట కింద గోనెసంచి దూర్చి చెరోవైపు పట్టుకుని లేపాం. నిలబడింది కానీ కాళ్ళు వణుకుతున్నాయి. ఇది మామ చూశాడు. నేను లోపలికి రాగానే, "ఆ సాయిబుకు ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు.

సాయిబు ఈసారి ఎవరూ చెప్పకుండానే ఒక వెడల్పాటి చెక్క తెచ్చాడు. ముందు ఇంట్లోకి వచ్చి మామ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. "ఆ దినం నేను గట్టిగా చెప్పుంటే బాగుండు పెద్దాయనా" అన్నాడు.

"నువ్వు చెప్పినావప్పా. నేనే వినలేదు" అన్నాడు మామ.

గట్టు దగ్గర అంతా మునుపటిలాగే సిద్ధం చేశాం. మరిది ఇద్దరు మనుషుల్ని తోడు తెచ్చాడు. తాడు చివర్ని గట్టు పక్క చెట్టుకు చుట్టి పట్టుకోవడానికి వాళ్ళు నిలబడ్డారు. తువ్వాలు, సంచులు, వెదురు బొంగు, అన్నీ చేతికందేలా పెట్టుకున్నాం. నేను పెయ్యను నడిపించుకుంటూ గట్టు ఎక్కించాను. బండి ముందు ఆగింది. చెక్కను చూసింది. తాడు వదిలేయడానికి వేళ్ళు సడలించి ఉంచుకున్నాను.

పెయ్య చెక్క మీద ఒక కాలు పెట్టింది. తర్వాత రెండోది. నడుచుకుంటూ లోపలికి పోయి, బండి పక్కరేకుకు ఒళ్ళు ఆనించి నిలబడింది. రేకు చప్పుడైనా చెవి కదపలేదు. ముందు పరిచిన చొప్పను కూడా వెంటనే ముట్టుకోలేదు. అంతమంది మగవాళ్ళు చేతులు చాచి నిలబడ్డారు, వాళ్ళకు చేయడానికేమీ లేకపోయింది. డ్రైవరు డోరు పైకెత్తి గొళ్ళెం వేశాడు.

బండిని ఇంటి మీదుగా తిప్పి గుమ్మం ముందు కాసేపు ఆపాడు, మామ చూడాలని. మామ తల ఎత్తి చూశాడు. మరిది తోడుగా ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలి పోయాక మామ నన్ను అడిగాడు.

"ఎగిరిందా?"

"లేదు మామా. నడిచి ఎక్కింది."

"ఎనక్కి ఒక్కసారి గూడా లాగలేదా?"

"లేదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అయితే దాంట్లో ఏం మిగల్లేదమ్మా" అన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. నేనూ బలవంతం చేయలేదు.

సాయంత్రం అక్క వీడియో కాల్ చేసింది. వేపచెట్టు కింద పెయ్య, దాని ముందు పచ్చగడ్డి మోపు. వచ్చినంక చాలాసేపు తినలేదట, బావ గుప్పెడు గుప్పెడు నోటికి అందించాక మొదలుపెట్టిందట. ఫోన్ మామ మొహం దగ్గర పట్టుకున్నాను. "ఏమ్మే..." అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. అవతల పెయ్య గడ్డిలోంచి తల ఎత్తలేదు. నేను ఫోన్ ఇంకొంచెం దగ్గరికి పెట్టబోయాను.

"వద్దు. తిననీ. పిలవొద్దు" అని తనే ఫోన్ పక్కకు నెట్టాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. వీపు మీద పుండ్లు పడ్డాయి. ఎంత కడిగినా, ఎన్నిసార్లు పక్కకు తిప్పినా మానలేదు. జ్వరం వచ్చి పోతూ, చివరికి వచ్చి పోలేదు. జ్వరంలో నన్ను అత్త పేరుతో పిలిచేవాడు. నేను ఊఁ అనేదాన్ని. ఒక పొద్దున తడిగుడ్డతో పెదాలు తడుపుతుంటే నీళ్ళు లోపలికి పోకుండా చెంపమీదికి జారాయి. అప్పుడు తెలిసింది. నా భర్త మధ్యాహ్నానికి చేరుకున్నాడు. సమాధుల దొడ్డిలో నేల రాయిలా బిగిసిపోయి ఉంది. మగవాళ్ళు గడ్డపారలతో తవ్వలేక, ట్యాంకరు నుంచి నీళ్ళు అడిగి తెచ్చి పోసి, నానాక తవ్వారు. ఎండిన ఊరు ఆయన కోసం తాగే నీళ్ళు ఇచ్చింది. గుడిలో పాట ఎత్తుకునేసరికి ముందు వరస గొంతు లేక అందరూ ఒకరికోసం ఒకరు ఆగారు. పాట మెల్లగా, ముక్కలు ముక్కలుగా సాగింది.

పెయ్య నెలలు నిండకుండానే ఈనింది. ఆ సంగతి అక్క నాకు వెంటనే చెప్పలేదు. కోడెదూడ. లేచి నిలబడలేదు. అక్క దాని నోట్లో వేలితో పాలు పెట్టింది, గోనెసంచి కప్పింది. పొద్దు గుంకేలోపల పోయింది. తల్లి బతికింది.

వాన ఆ తర్వాత వచ్చింది. మా చేను నీళ్ళు నిలిచి ఎర్రగా మెరిసింది. విత్తడానికి మనుషులు లేరు. నా భర్త నన్ను కూడా బెంగళూరు వచ్చేయమన్నాడు. పోయేముందు ఓర్వకల్లు పోయి అక్కను చూశాను.

ఆవు కండ పట్టింది. వెంట్రుకలు నున్నగా అయ్యాయి. అక్క చెంబు నా చేతికిచ్చి, "నీ చేత్తో పిండుకో, మీ ఇంటిదే గదా" అంది. నేను గొంతు కూర్చుని పొదుగు మీద చెయ్యి వేయగానే అది కాలు విసిరింది. చెంబు ఎగిరి దూరంగా పడింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ తన్నింది. అక్క నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

"నన్ను మరిచిపోయుంటాది" అన్నాను.

"ఈడికొచ్చినాక రోజూ నేనే గదా చూస్తాండా. అందుకేలే" అంది అక్క.

చెంబు తీసుకుని తను కూర్చుంది. ఆవు కదలకుండా నిలబడి పాలు చేపింది. నేను కొట్టం గోడకు ఆనుకుని, చెంబు నిండేదాకా చూశాను. అక్క ఆ పాలతోనే టీ పెట్టింది. ఆవును తోలుకుపోతారా అని బావ అడిగాడు. ఈడనే ఉండనీ అన్నాను. టీ తాగి, సంచి భుజాన వేసుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.